తాళాల టీచరుగారు

ఇవాళ ఇంటికి తాళం వేసి, ఒకసారి లాగి చూసుకుని మరీ బయటికి వచ్చారు కదా. ఆ తాళం లోపల ఏం జరుగుతుందో మీకు తెలుసా?

తెలియదు. నాకూ తెలిసేది కాదు. నమ్మేవాళ్లను సాక్ష్యం అడగడమే పనిగా సగం జీవితం వేదికలెక్కి దిగినవాణ్ణి. నా తలుపుకి వేలాడే ఇనపముద్దను మాత్రం ఏ సాక్ష్యమూ అడక్కుండా నమ్మాను. ఆ సంగతి నా మొహం మీద చెప్పిన మనిషి ఒక్కరే. బందరులో ఆడపిల్లల బడిలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరైన ఒక టీచరుగారు. కిందటి నెల ఆమె పోయారు.

పేరు రాయను. పేరు అచ్చులో చూసుకోవడం ఆమెకి ఇష్టం ఉండేది కాదు. రాసినా, ఆ పేరుతో ఆమెను పిలిచేవాళ్లు బందరులో పెద్దగా లేరు. చివరి రోజుల్లో అందరికీ ఆమె తాళాల టీచరుగారే.

గుడివాడ నుంచి నేను చేరేసరికి చర్చిలో ప్రార్థన అయిపోయింది. సమాధుల తోటలో చివర నిలబడి మట్టి వేసి, అందరితో పాటు ఇంటికి వెళ్లాను. ఆమె మేనకోడలు నన్ను వరండాలోకి తీసుకెళ్లి కిటికీ ఊచలు చూపించింది. ఊచ ఊచకీ తాళాలు. ఇత్తడివి, ఇనపవి, సైకిలువి, సూట్‌కేసులకు వేసే బుల్లివి.

"బాబాయిగారూ, వీటి చెవుల కోసం ఇల్లంతా వెతికామండీ. బీరువా కింద కూడా చూశాం. ఒక్కటంటే ఒక్కటి దొరకలేదు. పాత ఇనప సామాన్లవాడికి ఇచ్చేమంటారా?"

చావు జరిగిన ఇంట్లో నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయాను.

"చెవులు ఎప్పుడూ లేవమ్మా," అన్నాను.

నిజంగానే లేవు. కోనేరు సెంటరులోని ఇనప సామాన్ల కొట్లో తాళం కొని, నొక్కి మూసి, చెవుల జత కొట్టువాడి చేతిలోనే పెట్టేసి వచ్చేవారు. "అమ్మా, మర్చిపోయారు" అని అతను మొదట్లో వెంటపడేవాడట. "మర్చిపోలేదు నాయనా. చెవి ఇంట్లో ఉంటే చెయ్యి బద్ధకిస్తుంది" అనేవారట ఆమె. ఆ కొట్టువాడు ఆమెకి మతి చలించిందని చాలా రోజులు అనుకున్నాడు. తర్వాత తన కొట్లో తుప్పుపట్టి మూసుకుపోయిన తాళాలన్నీ ఒక సంచిలో వేసి, "పండక్కి మీకిదే నా బహుమానం టీచరుగారూ" అని పంపించాడు. అంత మంచి క్రిస్మస్ బహుమానం ఇంకెవరూ ఇవ్వలేదని ఆమె సంబరపడ్డారు.

ఈ పిచ్చి ఆమెకి రిటైరయ్యాక పట్టింది. బీరువా తాళంచెవి పోతే తాళాలు తీసేవాణ్ణి పిలిపించారు. అతను ఈమెను పక్కకి తిరగమని, ఏదో చేసి, చిటికెలో తలుపు తీసేశాడు. ఎలా తీశావని అడిగితే, "అది మా విద్యండీ" అన్నాడు. బడిలో అన్నేళ్లు పాఠం చెప్పిన మనిషికి ఆ మాట గుచ్చుకుంది. "విద్య అంటూనే పక్కకి తిరగమంటాడేమిటండీ? పక్కకి తిరగమన్నాడంటే అది విద్య కాదు, గుట్టు," అనేవారు. ఆ సాయంత్రమే ఫోనులో వీడియోలు వెతకడం మొదలుపెట్టారు. తాళాలు తీయడం ఒక కాలక్షేపంగా నేర్చుకునేవాళ్లు దేశదేశాల్లో ఉన్నారనీ, వాళ్లు ఒకళ్ల తాళం ఇంకొకళ్లకి ఇచ్చి పందాలు వేసుకుంటారనీ తెలిసి ఆమె ఆనందానికి హద్దు లేకపోయింది. విరిగిన గొడుగు ఊచల్ని ఆకురాయితో అరగదీసి పనిముట్లు చేసుకున్నారు. బస్సు అద్దం తుడిచే బ్లేడు లోపల సన్నటి ఉక్కురేకు ఉంటుంది. బస్సు డిపోలో పనిచేసే పాత విద్యార్థిని మొగుణ్ణి బతిమాలి దాన్నీ సంపాదించారు.

ఆమె నాకు ఎదురుపడింది బందరులో నా సభ అయిపోయాక. మహత్తుల మీద మాట్లాడాను. బూడిద ఎలా రాలుతుందో, నిప్పుల మీద ఎలా నడుస్తారో చెప్పి, వివరణ లేని వింత లోకంలో లేదని బల్ల గుద్దాను. చప్పట్లయ్యాయి. జరీ అంచు తెల్లచీర కట్టుకున్న ఒకావిడ ముందుకు వచ్చి, చేతిసంచిలోంచి మూసి ఉన్న తాళం తీసి, నేను చూస్తుండగానే రెండు సన్నటి ఊచలతో తెరిచి బల్ల మీద పెట్టారు.

"దీనికి వివరణ చెప్పండి తమ్ముడుగారూ."

నేను తాళాన్ని అటూ ఇటూ తిప్పి చూశాను.

"లోపల ఏముందో తెలియదన్నమాట. రోజూ ఇల్లూ వాకిలీ మాత్రం దానికి అప్పజెప్పి వస్తున్నారు. దీన్ని మీ భాషలో ఏమంటారు?"

సభ నవ్వింది. నాకు మాత్రం ఒళ్లు మండింది. ఆ మంటతోనే మరుసటి ఆదివారం బస్సెక్కి వాళ్లింటికి వెళ్లాను. ఆ తర్వాత ఆదివారాలు బందరు వెళ్లడం నాకు అలవాటైపోయింది.

ఆ వరండా ఇప్పుడు తలుచుకుంటే వేళ్లకే ముందు గుర్తొస్తుంది. ఆమె చర్చి నుంచి వచ్చి, అదే చీరతో కింద కూలబడి, కాళ్లు బారజాపి, ఒళ్లో పాత పేపరు పరుచుకునేవారు. కళ్లజోడు తీసి గోడవారగా పెట్టేవారు. "చూసేదేముందండీ, లోపల చీకటేగా." మొహం క్రోటను మొక్కల వైపు, చెవి ఎక్కడో, చేతులు మాత్రం తాళంలో. తాళం తెరుచుకునే ముందు ఆమె కింది పెదవి కొంచెం ముందుకు వచ్చేది. అది చూసి నేను "వచ్చేసింది" అంటే, "నోటితో దిష్టి పెట్టకండి, హేతువాదులై ఉండి," అనేవారు.

తాళం లోపల చిన్న చిన్న పిన్నులు వరసగా నిలబడి ఉంటాయి. ఒక్కోదాని వెనకా ఒక స్ప్రింగు. వాటిని సరైన ఎత్తుకి లేపితేనే లోపలి గొట్టం తిరుగుతుంది. చెవికి ఉన్న పళ్లు చేసే పని అదే. చెవి లేనివాళ్లు ఒక చేత్తో గొట్టాన్ని తేలిగ్గా తిప్పిపట్టి, ఇంకో చేత్తో పిన్నుల్ని ఒక్కొక్కటే లేపాలి. ఎత్తు కుదిరిన పిన్ను వేలికి తెలిసీ తెలియనంతగా చిన్న చప్పుడు చేస్తుంది. ఇంతే సంగతి. చెప్పడానికి ఇంతే. చేయడానికి కూర్చుంటే, నాకు ఒక వర్షాకాలం పట్టింది.

"తమ్ముడుగారూ, తాళానికి మీ మీద కోపం లేదండీ."

"తిరగట్లేదండీ!"

"తిరగదు. మైకు పట్టుకున్నట్టు పట్టుకున్నారు."

"గట్టిగా తిప్పకపోతే ఎలా?"

"బలం పెడితే అబద్ధం చెబుతుందండీ. అన్ని పిన్నులూ బిగుసుకుంటాయి. ఏది కుదిరిందో ఏది కుదరలేదో ఇక మీకు తెలియదు. మీ సభల్లో జనం కూడా అంతే. మీరు అరిస్తే అందరూ తల ఊపుతారు. ఎవరు ఒప్పుకున్నారో మీకు తెలుస్తుందా?"

ఆ మాటకి నేను ఊరుకోలేదు. మెత్తగా మాట్లాడి ఏ దురాచారం పోయిందో చెప్పమని అరగంట వాదించాను. ఆమె ఓపిగ్గా విని, "ఈ అరగంటలో తాళం మీద చెయ్యి తేలికపడింది చూశారా? కోపం నోట్లోకి పోయింది," అన్నారు. తాళం తెరుచుకోలేదు గానీ, రెండు పిన్నులు కుదిరాయి.

మొదటి తాళం తెరుచుకున్న పూట పిల్లాడిలా లేచి నిలబడ్డాను. గుడివాడకి ఫోను చేసి మా ఆవిడకి చెప్పాను. "సంతోషం. మన స్టోరు గది తాళంచెవి పోయి ఏడాదైంది, వచ్చి తియ్యండి," అందావిడ. టీచరుగారు మాత్రం అభినందించలేదు. తాళం తీసుకుని టక్కున మూసేసి నా చేతిలో పెట్టారు. "ఒక్కసారి వస్తే దాన్ని మహత్తనుకునేవాళ్లు ఉంటారు. రెండోసారి తీసి చూపించండి."

కాఫీ తాగే ముందు ఆమె కళ్లు మూసుకుని ప్రార్థన చేసేవారు. నేను గ్లాసు పట్టుకుని పైకి చూస్తూ కూర్చునేవాణ్ణి. ఒకసారి, "ప్రార్థన చేస్తే ఈ తాళం తెరుచుకుంటుందాండీ?" అని దెప్పాను.

"తాళం కోసం కాదండీ, నా చేతుల కోసం. వణక్కుండా ఉండాలని."

అప్పటికే ఆమె వేళ్లు వణకడం మొదలుపెట్టాయి. నేను ఇంకా ఏదో అనబోయి, కాఫీ తాగాను.

ఆమెకి ఒక పట్టుదల ఉండేది. ఎవరో వాడుకుంటున్న తాళం జోలికి పోయేవారు కాదు. ఆ వీధిలోనే అన్నదమ్ముల తగాదాలో ఒకాయన, తమ్ముడి గది తాళం తీసిపెట్టమని పళ్ల బుట్టతో వచ్చాడు. "ఆ తాళం ఎవరిదో వాళ్లొచ్చి అడగాలి నాయనా" అని పళ్లతో సహా పంపించేశారు. సరదాకి నేర్చుకునేవాళ్లందరిదీ ఇదే పద్ధతట. నాకది చాదస్తంలా తోచింది.

ఒక ఆదివారం, వానలు వెనకబట్టిన రోజుల్లో, నేను ఆ వరండాలోనే ఉండగా నందివాడ పక్కనున్న ఆమె సొంతూరి నుంచి ఒక రైతు వచ్చాడు. ముప్పై పైబడినవాడు. బంధువు కాదు, వరసపెట్టి "అత్తయ్యా" అంటాడు. కొబ్బరికాయల సంచి గుమ్మం పక్కన దించి, నేల మీదే కూర్చున్నాడు.

"అత్తయ్యా, మీ చర్చిలో మా చెల్లెలి పేరు మీద ప్రార్థన పెట్టించాలండి."

"ఏమైంది రా?"

తలొంచుకుని చెప్పాడు. చెల్లెలికి పురుడొచ్చింది. బిడ్డ దక్కలేదు. తర్వాత ఆ పిల్లకి నిద్ర కరువైంది. అరుపులు, ఏడుపులు, ఒకరోజు ఎవరికీ చెప్పకుండా కాలవగట్టు వెంట నడుచుకుంటూ వెళ్లిపోయింది. అత్తవారు తెచ్చి పుట్టింట్లో దించేశారు. నాగాయలంక దాటాక, సముద్రానికి దగ్గర్లో ఒక పల్లెలో దయ్యాలు వదిలించే ముసలాయన ఉన్నాడని ఎవరో చెప్పారు. అక్కడ మనిషి కాలికి గొలుసు వేసి పాక గుంజకి కట్టి తాళం వేస్తారు. తాళంచెవిని ఏట్లోకి విసిరేస్తారు. పొద్దున్నే ఏటి నీళ్లు తెచ్చి మనిషి మీదా గొలుసు మీదా పోస్తారు. దయ్యం దిగిపోయిన రోజున తాళం దానంతటదే తెరుచుకుంటుంది.

"తెరుచుకుందా మరి?" అన్నాను. నా గొంతులో వెటకారం నాకే వినిపించింది.

"అందరివీ తెరుచుకున్నాయండి. నా కళ్లతో చూశాను. మాతో వచ్చినవాళ్లూ, మా తర్వాత వచ్చినవాళ్లూ కూడా ఇళ్లకెళ్లిపోయారు. మాదే మొండిదంటున్నాడండి ఆయన. ఇంత మొండిదాన్ని చూళ్లేదంటున్నాడు."

టీచరుగారు ఒళ్లో తాళం కదిలిస్తూనే ఉన్నారు. "ఏం తాళం వేశావు రా?"

"ఇత్తడిది అత్తయ్యా, గుడివాడలో కొన్నాను. అందరూ సంతలో దొరికే ఇనప తాళాలు వేశారు. చెల్లెలికి వేసేది కదా, నాసిరకం వెయ్యడానికి మనసొప్పలేదు."

"నూనె గానీ వేస్తున్నావా?"

"వెళ్లినప్పుడల్లా కొబ్బరినూనె పోస్తున్నానండి. ఉప్పునీళ్లు కదా, తుప్పుపడితే చెల్లెలి కాలికి పుండవుతుందని."

ఆమె చేతిలోంచి తాళం జారి గచ్చు మీద పడింది. అలా జారడం నేను చూడటం అదే మొదలు.

నాకు ఒక క్షణం ఆలస్యంగా వెలిగింది. సముద్రం పోటెక్కి వచ్చే ఆ ఏట్లో నీళ్లు ఉప్పు. రోజూ ఉప్పునీళ్లు పోస్తే సంత తాళం లోపలి పలచటి రేకులూ స్ప్రింగులూ ఒక వానాకాలంలో తుప్పుపట్టి పొడైపోతాయి. ఒకరోజు కాలు విదిలిస్తే కొక్కెం ఊడి వస్తుంది. ఆ ఊళ్లో దయ్యాలన్నీ ఇనప తాళాలనే గౌరవించాయి. ఈ పిల్ల మాత్రం, అన్నకి తన మీద ప్రేమ ఎక్కువై, ఆ ప్రేమ ఇత్తడి రూపంలో వచ్చి, పైన కొబ్బరినూనె కూడా పోసినందువల్ల గుంజకి కట్టేసి ఉండిపోయింది.

టీచరుగారు బడిపిల్లాడికి చెప్పినట్టు అతనికి ఇదంతా చెప్పారు. అతను బుద్ధిగా విన్నాడు. విని, ముఖం వికసించి, "అయితే ఇత్తడిది తీయించి, ఇనపది మార్పిస్తాను అత్తయ్యా!" అన్నాడు.

నేను గోడకి తల కొట్టుకోవడం ఒక్కటే తక్కువ.

"వద్దు," అన్నారామె. "రేపు నేనే వస్తాను."

రంపంతో కోయించవచ్చు కదా అని మీరు అడుగుతారు. అంతకుముందు వాళ్లూ అనుకున్నారట. కాలి మడమ పక్కన రంపం పెట్టేసరికి ఆ పిల్ల గుంజ ఊడేలా గింజుకుంది. పైగా ఇనుముతో కోస్తే దయ్యం జన్మలో దిగదని ముసలాయన మాట.

మర్నాడు పొద్దున్న బందరులో బస్సెక్కాం. చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ మీదుగా నాగాయలంక. ఆ అన్న మా ముందు సీట్లో కూర్చుని, వెనక్కి తిరిగి గొంతు తగ్గించి చెప్పాడు.

"ఎవరూ లేనప్పుడు తీసేయండత్తయ్యా. దానంతటదే తెరుచుకుందనుకుంటారు. వాళ్ల అత్తగారు కూడా అదే కబురంపింది. తాళం తెరుచుకుంటేనే గడప తొక్కనిస్తారంట. మనిషి చెయ్యి పడిందని తెలిస్తే రానివ్వరండి."

"అలా చేస్తే ఆ ముసలాయన ఖాతాలో ఇంకో మహత్తు మనమే వేసినట్టు!" అని లేచాను. "రేపు ఇంకో ఆడపిల్లని తెచ్చి కడతారు. పోలీసుల్నీ పత్రికలవాళ్లనీ పిలిచి, అందరి ముందూ తీసి, బండారం బయటపెట్టాలి!"

కండక్టరు వెనక్కి వచ్చాడు. "కూర్చోండి మేష్టారూ, కూర్చుని తిట్టుకోండి. ఇంతకీ ఆ దయ్యానికి కూడా టిక్కెట్టు కొట్టమంటారా, వచ్చేప్పుడేనా?"

బస్సంతా నవ్వింది. టీచరుగారు కూడా నవ్వారు. నవ్వు ఆగాక కిటికీలోంచి రొయ్యల చెరువుల్లో నీళ్లు చిమ్ముతున్న చక్రాలను చూస్తూ, "మీ ఇద్దర్లో ఎవరైనా ఆ పిల్లని అడిగారా?" అన్నారు.

ఆటో దిగి ఇసకలో నడిచాం. తాటాకు పాక, నాలుగు గుంజలు, అన్ని మతాల పటాలూ. ఇత్తడి తాళం పిల్ల కాక ఇంకో ఇద్దరున్నారు. ముసలాయన్ని చీల్చి చెండాడాలని వెళ్లిన నాకు ఆయన ఎదురొచ్చి కొబ్బరిబోండాం కొట్టి ఇచ్చాడు. మోసగాడు కాదు, అది ఇంకా కష్టం. మోసగాణ్ణి పట్టుకోవచ్చు, తన వింతను తానే నమ్ముతున్నవాణ్ణి ఏం చేయాలి? తెరుచుకున్న తాళాలన్నీ ఒక తీగకి గుచ్చి వేలాడదీశాడు. టీచరుగారు ఒక్కొక్కటే నలిపి చూశారు. వేళ్ల మధ్య ఎర్రగా పొడి రాలింది.

"అన్నీ ఇనపవే కదా తాతా?"

"అన్నీ తెరుచుకున్నవేనమ్మా," అన్నాడాయన గర్వంగా.

ఆ పిల్ల జుట్టు కత్తిరించేశారు. కాలు చాపుకుని కూర్చుంది. టీచరుగారు వెళ్లి పక్కనే ఇసకలో కూలబడి, తనూ కాళ్లు బారజాపారు. వరండాలో కూర్చున్నట్టే.

"అమ్మాయ్, ఈ తాళం తియ్యమంటావా?"

ఆ పిల్ల కాలి మీది తాళాన్ని చూసింది. "చెవి ఏట్లో వేసేశారుగా."

"చెవి లేకుండా తీస్తాను. నువ్వు తియ్యమంటేనే."

"తియ్యండి."

"ఎవరూ చూడకుండా తీస్తే తాళం అదే తెరుచుకుందంటారు, మీ అత్తారు రానిస్తారట. అందరి ముందూ తీస్తే రానివ్వరట. ఎలా తియ్యమంటావు? ఇప్పుడే చెప్పక్కర్లేదు. నేను కూర్చుంటాను."

ముసలాయన గొంతు సవరించుకున్నాడు. నేనూ నోరు తెరిచాను. టీచరుగారు చెయ్యెత్తి మమ్మల్నిద్దర్నీ ఆపారు, తరగతిలో వెనక బెంచీని ఆపినట్టు.

ఆ పిల్ల అన్న వైపు చూసింది. "అన్నయ్యని దగ్గరికొచ్చి కూర్చోమనండి. తీసేది చూడమనండి. వేసింది వాడేగా."

అతను వచ్చి కూర్చున్నాడు.

"టీచరమ్మా, మనిషి చేత్తో తీస్తే దిగదమ్మా," అన్నాడు ముసలాయన, నిజమైన బెంగతో.

"దిగకపోతే ఆసుపత్రికి తీసుకెళ్తాం తాతా. ఉన్న జబ్బుకి అక్కడ మందుంది."

దీపంలోని కిరసనాయిలు దూదికి తడిపి తాళం లోపల జిగటను ఆమె చాలాసేపు కడిగారు. ఊచలు పెట్టారు. కుదరలేదు. మళ్లీ పెట్టారు. చేతులు వణుకుతున్నాయి, తిప్పిపట్టిన ఎడమచెయ్యి మాటిమాటికీ జారుతోంది. జారినప్పుడల్లా లేచిన పిన్నులన్నీ పడిపోతున్నాయి. గొలుసు కదిలినప్పుడల్లా ఆ పిల్ల పళ్లు బిగబడుతోంది. ఊచలు బయటికి తీసి, తల తిప్పకుండానే నాతో అన్నారు:

"తిప్పే చెయ్యి మీరు పట్టండి. తేలిగ్గా. మాట్లాడకండి."

నా జీవితంలో నేను ఇచ్చిన ఏ ఉపన్యాసానికీ నాకంత చెమట పట్టలేదు. నా వేలి కింద ఆ సన్నటి రేకు, దాని పక్కన ఆమె గొడుగు ఊచ. వేలు ఏమాత్రం బిగిసినా ఆమెకి తెలిసిపోతోంది. ఊచతో నా గోరు మీద తడుతున్నారు. ఒక పిన్ను కుదిరింది. ఇంకోటి. ఆమె కింది పెదవి ముందుకు వచ్చింది. నేను ఏమీ అనలేదు. రేకు నా వేలికింద కొద్దిగా కదిలి, గొట్టం తిరిగి, కొక్కెం పైకి లేచింది.

ఆ పిల్ల పరుగెత్తలేదు, ఏడవలేదు. గొలుసు కింద మచ్చకట్టిన చోట గోళ్లతో గీరుకుంది. కళ్లు మూసుకుని, తనివితీరా, ఎవరి తొందరా లేనట్టు గీరుకుంటూ ఉండిపోయింది. ఏడ్చింది అన్న.

ఇక నా వంతు అనుకున్నాను. అప్పటికి వలల దగ్గర్నుంచి ఆడా మగా పోగయ్యారు. తుప్పు గురించి, ఉప్పు గురించి చెప్పడం మొదలుపెట్టాను. ఎవరూ నా వైపు చూడలేదు. ఒక నడివయసు మత్స్యకారుల ఆవిడ వచ్చి టీచరుగారి కాళ్ల మీద పడింది. "అమ్మ చేతిలో దేవుడున్నాడు!" వెనక ఇంకొకామె వంగింది. ఇదిగో, నేను బస్సులో భయపడ్డదే జరిగింది. కాకపోతే మహత్తు ముసలాయన నుంచి మా టీచరుగారికి బదిలీ అయింది.

ఆమెకి కోపం రావడం నేను అప్పుడే చూశాను. "దేవుడూ లేదు, ఏమీ లేదు! గొడుగు ఊచ! ఇలా కూర్చో!" అని ఆవిడ చెయ్యి పట్టి కిందికి లాగి, తాళం మళ్లీ మూసి, ఊచలు ఆవిడ వేళ్లలో పెట్టారు.

"నాకు రాదండీ, చేపలు కోసుకునేదాన్ని!"

"చేపలో ముల్లు వేలికి తెలియదూ నీకు? అలాగే. తోయకు, తడుము."

ఎండ పాక అవతలికి జరిగేదాకా ఇద్దరూ అలా కూర్చున్నారు. జనం మొదట నిలబడి చూశారు, తర్వాత కూర్చుని చూశారు, తర్వాత సలహాలు చెప్పారు. ఉన్నట్టుండి కిలుక్కుమంది. ఆవిడ తాళాన్ని చూసింది, తన వేళ్లను చూసుకుంది, ముసలాయన్ని చూసింది.

"ఓసోస్, ఇంతేనా!"

నా అంత మాటకారికి ఆ ఒక్కమాట జన్మలో తట్టలేదు. జనం పకపకా నవ్వారు. ఆ నవ్వులోంచి ఒకతను తనకు తానే వెళ్లి, మిగతా ఇద్దరి తాళాలు ఎంత తుప్పుపట్టాయో రాయితో తట్టి చూడటం మొదలుపెట్టాడు.

నేను మాత్రం వరండాలో మొదలైన ఆ వాదంలో ఓడిపోయానని ఇప్పటికీ ఒప్పుకోను. ఆ సాయంత్రం అవనిగడ్డలో దిగి అధికారులకి ఫిర్యాదు రాసి ఇచ్చింది నేను. జబ్బుమనిషిని గొలుసుతో కట్టడం ఈ దేశంలో చట్టవిరుద్ధం. వాళ్లు వెళ్లి ఆ గుంజలు పీకించారు కాబట్టే ఆ పాక మూతపడింది. మెత్తని వేళ్లు ఒక తాళం తీస్తాయి. గుంజ పీకడానికి గట్టిగా అరిచేవాడు ఒకడు ఉండాలి. ఈ మాట ఆమెతో అంటే, "అరవండి, ఎవరు వద్దన్నారు? మీ గొంతు నా చెవి పక్కన కాకుండా చూసుకోండి," అన్నారు.

కథ పూర్తిగా సుఖంగా ముగియలేదు. ఆ పిల్లకి పెద్దాసుపత్రిలో వైద్యం జరిగింది, నయమైంది. అత్తవారు మాత్రం మాట మీద నిలబడ్డారు; మనిషి చేత్తో తీసిన తాళం చెల్లదన్నారు. వాళ్ల ఊళ్లో ఆమెను శుభకార్యాలకి పిలవని ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఆమె ఇప్పుడు గుడివాడలో ఒక బట్టల కొట్లో రవికలు కుడుతోంది. అప్పుడప్పుడూ బస్టాండు దగ్గర కనిపిస్తుంది. "మందులు మానలేదు కదమ్మా?" అంటాను. "మానితే మళ్లీ మీ ఉపన్యాసం వినాలిగా బాబాయిగారూ," అంటుంది.

మేం చేసింది సరైనదేనా అని ఒక ఆదివారం టీచరుగారిని అడిగాను. చాటుగా తీసి ఉంటే ఆ పిల్ల కాపురం నిలిచేదేమో అన్నాను. ఆమె తాళం మీంచి తల ఎత్తలేదు. "నన్నెందుకు అడుగుతారండీ? కాళ్లున్న పిల్ల. గుడివాడలోనే ఉంది."

వెళ్లి అడిగాను. ఏమందో రాయను, అది ఆమె మాట.

ఆ ముసలాయన పాక పోయింది గానీ, మన ఊళ్లలో గుంజలు పోలేదు. పెద్ద ఇళ్లలో వాటికి గొలుసులుండవు, బయట గడియ ఉంటుంది. "మా అమ్మాయికి ఒంట్లో బాగుండదండీ, లోపల పడుకుంది" అని మీకు కాఫీ ఇచ్చి పంపేస్తారు. ఏ ఇల్లో మీకు తెలుసు. ఇది చదువుతుంటేనే ఆ ఇల్లు మీకు గుర్తొచ్చింది. ఈ వారంలోనే వెళ్లండి. కాఫీ తాగి వచ్చేయకండి. ఆ తలుపు దగ్గర నిలబడి, లోపలున్న మనిషిని పేరు పెట్టి పిలవండి. ఏం కావాలో ఆ మనిషినే అడగండి. జవాబు ఆలస్యమైతే అక్కడే కూర్చోండి. డాక్టరు కావాలంటే తీసుకెళ్లండి, ఇంటివాళ్లు అడ్డొస్తే ఫిర్యాదు రాయండి. పేపరు మడిచి పక్కన పెట్టి, లేవండి.